చేతికుట్టు

"సుక్రు పేగును మీరు దేంతో అతికారు డాక్టరు గారూ?"

అడిగింది తనేనని డిటెక్టివ్ హేమలతకు ఒక క్షణం ఆలస్యంగా తెలిసింది. నాలుగు రోజులుగా మింగుతున్న క్వినైన్ మాత్రల పుణ్యమా అని చెవుల్లో తూనీగలు దూరినట్టు ఒకటే రొద. తన గొంతు తనకే పక్కగదిలోంచి వినిపిస్తోంది. కిటికీ అవతల మంచులో ఆసుపత్రి గేటు ఒకసారి ఉంటోంది, ఒకసారి ఉండటం లేదు. మన్యం తగిలించిన మలేరియా రోజు విడిచి రోజు, పదకొండు కొట్టేసరికి వణికిస్తోంది. ఇవాళ వంతు రోజు. అంటే తన బుర్ర తన మాట వినే సమయం ఇంకా మూడు గంటల ఇరవై నిమిషాలు మాత్రమే.

గోడ గడియారంలో ఏడూ నలభై. 2004 నవంబరు పందొమ్మిది, శుక్రవారం.

"చేత్తోనే," అన్నాడు డాక్టర్ సురేంద్ర. "రెండు వరసల కుట్టు. లోపల కరిగిపోయే దారం, పైన పట్టుదారం."

"గన్ను వాడలేదా?"

"కవరులో చేతికుట్టు అని వచ్చింది. రిజిస్టరు మీ ముందే ఉందిగా."

ఆ కొండల్లో కత్తి పట్టగల డాక్టరు పద్దెనిమిదేళ్ళుగా ఆయనొక్కడే. టైఫాయిడ్ ముదిరి పేగుకు చిల్లుపడి మంచాల మీద మోసుకొచ్చినవాళ్ళను వందలమందిని లేపి కూర్చోబెట్టాడు. చెడిన ముక్క కోసేసి మిగిలిన రెండు కొసలూ కలపాలి. ఆ కలపడం చేత్తో కుడితే మంచిదా, లోహపు ముళ్ళు దించే గన్నుతో అతికితే మంచిదా అని ఏడాదిగా ఆయన ఒక పోలిక నడుపుతున్నాడు. సీలు వేసిన కవరు ఒకటి తీస్తారు. అందులో ఏది వస్తే ఆ రోగికి అదే. వచ్చే నెల విశాఖపట్నంలో పెద్ద డాక్టర్ల సభలో ఆ లెక్క చదవాలి.

హేమలత చేతిసంచీలోంచి కాగితం పొట్లం తీసి బల్ల మీద విప్పింది. నాలుగు ముళ్ళు. ఒక్కొక్కటి బియ్యపుగింజంత కూడా లేదు.

"ఆదివారం సుక్రు చనిపోయాడు. సోమవారం దహనం. బుధవారం ఎముకలేరడానికి బూడిద జల్లెడ పడితే ఇవి దొరికాయి. ఇవేమిటి?"

డాక్టరు వాటిని ముట్టుకోలేదు. టీ గ్లాసును రెండు చేతులా పట్టుకుని, సగం తాగి, రెండు చేతులతోనే కింద పెట్టాడు.

"గన్ను ముళ్ళే. టైటానియం. కట్టెల మంటకు కరగవు."

"చేత్తో కుట్టిన కడుపులోకి ఎలా వచ్చాయి?"

డాక్టరు కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. గేటు దగ్గర ఎవరో దగ్గారు.

"సుక్రు ఊళ్ళో మాత్రం దీనికి జవాబు దొరికింది," అంది హేమలత. "చిల్లంగి. మంత్రం పెట్టి మనిషి కడుపులోకి ఇనపముళ్ళు పంపారట. ఎవరు పంపారంటే, ఆసుపత్రిలో సుక్రును చివరగా చూసి వెళ్ళిన మేనత్త రాజులమ్మ. బుధవారం నుంచి ఆవిణ్ణి ధాన్యం కొట్టంలో కట్టేసి ఉంచారు. ఇవాళ పొద్దు నడినెత్తికి వచ్చాక దిసారి తీర్పు చెబుతాడు. ఆయన ఊరికి మంచీ చెడ్డా ఘడియలు చూసే ముసలాయన. ఆయన మాట దాటరు. ఆరేళ్ళ కిందట పక్క కొండ మీద ఇలాంటి తీర్పే అయింది. ఆ మనిషి శవమై కొండగెడ్డ నీళ్ళలో తేలింది."

డాక్టరు మొహం పాలిపోయింది. రాజులమ్మ కూతురు రమణి ఆ ఆసుపత్రిలోనే వార్డు నర్సు. నిన్న ఎస్టీడీ బూత్ నుంచి హేమలతకు ఫోను చేసి, ఏడుపు ఆపుకోలేక మూడుసార్లు పెట్టేసి, నాలుగోసారి విషయం చెప్పింది ఆ అమ్మాయే.

"మీరు వచ్చి ఆ ముళ్ళు మా ఆసుపత్రివని చెబితే ఆవిడ బతుకుతుంది."

"వస్తాను." ఆ మాట ఆయన నోట్లోంచి తడుముకోకుండా వచ్చింది. "గన్ను కూడా తెచ్చి చూపిస్తాను. బుధూ! సామాను సర్దు!" అని ఆపరేషన్ గది సహాయకుణ్ణి కేకేశాడు.

"సుక్రుకు వాడింది గన్నే అని కూడా చెబుతారా?"

"రిజిస్టరులో ఉన్నదే నిజం," అన్నాడు కిటికీలోకి చూస్తూ.

అబద్ధమాడేవాడు సాధారణంగా పారిపోతాడు. ఈయన అబద్ధాన్ని వెంటబెట్టుకుని మరీ సాయానికి బయలుదేరుతున్నాడు. ఇలాంటి మనిషి హేమలతకు ఇంతవరకూ తగల్లేదు. ఆయన లేచి వెళ్ళగానే మత్తు డాక్టరు రాసుకున్న కాగితాలు ముందుకు లాక్కుంది. మత్తు ఎప్పుడు ఇచ్చారు, ఎప్పుడు ఆపారు అన్నవే అందులో ఉంటాయి. సెప్టెంబరు దాకా చేతికుట్టు ఆపరేషన్లన్నీ గంటన్నర పైమాటే. గన్నువి యాభై నిమిషాలు. అక్టోబరు నుంచి చేతికుట్టువి ఆరు. ఆరూ యాభై నిమిషాల్లోనే అయిపోయాయి. సుక్రుది నలభై ఎనిమిది.

ముసలితనంలో చెయ్యి వేగం పెరగడం ఎక్కడైనా ఉందా? హేమలత ఆ కాగితాలు మడిచి జాకెట్టులో దోపుకుంది.

* * *

డాక్టరునూ బుధునూ వెంటబెట్టుకుని సుక్రు ఊరు నేరేడుగుడ చేరేసరికి తొమ్మిదీ యాభై. శ్మశానం గెడ్డ ఒడ్డున ఉంది. హేమలత కాళ్ళు కడుక్కుని, దిసారి అనుమతి అడిగి, చేట ఒకటి తీసుకుని బూడిద పక్కన కూర్చుంది. ముసలాయన దూరంగా బండ మీద గొంతుక్కూర్చుని చూస్తున్నాడు. అడ్డం చెప్పలేదు.

బూడిద మెత్తగా, పిండిలా ఉంది. మంచు దాని మీద పాకుతూ వచ్చి, తడిమి, వెళ్ళిపోతోంది. చేట ఒకవైపు వంచి మెల్లగా ఆడిస్తే తేలిక బూడిద ఎగిరిపోయి, కింద నల్లటి నలుసులు మిగులుతున్నాయి. చిన్నప్పుడు అమ్మమ్మ బియ్యంలో రాళ్ళేరుతుంటే ఒళ్ళో తల పెట్టుకుని నిద్రపోయిన మధ్యాహ్నాలు గుర్తొచ్చాయి. ఒక్క నిమిషం తను అక్కడే ఉన్నట్టు అనిపించింది. ఎవరి బూడిదలో ఏమేరుతోందో మరిచిపోయి, చేట ఆడించే చప్పుడుకు తనే జోగింది. ఉలిక్కిపడి గడియారం చూసుకుంది. పదీ పది.

దొరికినవి ముప్ఫై ఒకటి. విస్తరి కుట్టే అడ్డాకు పరిచి, భూతద్దం పెట్టి, ఒక్కొక్కటే చూసింది. ఇరవై మూడు ముళ్ళకు రెండు కాళ్ళూ లోపలికి ముడుచుకుని ఉన్నాయి. మిగిలిన ఎనిమిదింటికి కాళ్ళు ముడుచుకోలేదు. నిటారుగా నిలబడి ఉన్నాయి. కాగితాలకు కొట్టే పిన్ను వంగకపోతే కాగితాలు నిలవవు. పేగూ అంతే కదా!

"ఏటి మేడమ్, సింతపిక్కలాడతన్నారా?"

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ పైడిరాజు. పోలీసు శిక్షణలో హేమలత కంటే ఒక మార్కు తక్కువ తెచ్చుకున్న మనిషి. ఆమె ఉద్యోగం వదిలేసి పన్నెండేళ్ళయినా ఆ ఒక్క మార్కు బాకీ తీర్చుకోవాలన్నట్టే ఎదురుపడతాడు. చేతిలో మడిచిన కాగితం ఉంది.

"అదేమిటి?"

"రాజులమ్మ వాంగ్మూలం. అన్నంలో ఇసపు ఏరు కలిపి పెట్టినానని. వేలిముద్ర ఒక్కటే తక్కువ."

"ఆవిడ చెప్పిందా, మీరు రాసుకున్నారా?"

"నేనే రాసినాను." పైడిరాజు సిగ్గుపడలేదు. "ముద్ర ఏయించి జీపులో ఎక్కించి తీసుకుపోతాను. స్టేషన్లో బతికుంటాది. నాకాడ ఇద్దరు కానిస్టేబుళ్ళు, ఊళ్ళో వంద గొడ్డళ్ళు. మీకాడ ఏటుంది? ఆకు మీద ముళ్ళు."

"చెయ్యని హత్యకు పదేళ్ళు జైల్లో పెడతారా? బయటకొచ్చినా ఆవిడ పేరు చిల్లంగిది అనే ఉంటుంది. కూతురికీ అదే పేరు."

"పేనం పోడం కంటే నయం కాదా? మీరు రైటని తేల్చుకునే లోపు ముసల్దాన్ని మనం పాతిపెట్టుకోవాలి. నేను తప్పుడు కేసు రాసేవాణ్ణే, కానీ నా కేసుల్లో ముద్దాయిలు బతికుంటారు!"

హేమలతకు ఒళ్ళు మండింది. మండినంత మాత్రాన అతను చెప్పింది తప్పయిపోదు, అదే బాధ. "పన్నెండింటి దాకా ఆగండి," అంది. "అప్పటికీ నా వల్ల కాకపోతే ఆ వేలికి సిరా నేనే రాస్తాను."

పైడిరాజు గడియారం చూసుకున్నాడు. "పన్నెండు. నిమిషం దాటినా ఆగను. నాకు బేగి కిందకి పోయే పనుంది."

ధాన్యం కొట్టం చెక్కల సందులోంచి రాజులమ్మ చూస్తోంది. రెండు రోజులుగా కడగని మొహం. హేమలత దగ్గరికి వెళ్ళేసరికి ఆమె తన గురించి అడగలేదు.

"ఆడికి తల్లి లేదమ్మా. ఈ సంకనేసుకుని పెంచినాను. సిల్లంగిదని నా పళ్ళు రాలగొడితే రాలగొట్టుకోమను. సుక్రుగాణ్ణి నేను తినేసినానని మాత్రం అనొద్దని సెప్పు."

హేమలత చెక్కల సందులోంచి ఆమె వేళ్ళు పట్టుకుంది.

* * *

దినం కోసం మేకను కోశారు. దాని పేగులు కడిగి గంపలో పెట్టారు. హేమలతకు కావలసింది అవే. ఊరంతా గుమిగూడింది. సుక్రు అన్న భీముడు గొడ్డలి భుజాన పెట్టుకుని ముందు నిలబడ్డాడు. దిసారి మధ్యలో కూర్చున్నాడు. పదకొండయ్యింది. చెప్పిన మాట తప్పని అతిథిలా చలి హేమలత వెన్నులోకి దిగింది. మంచులో జనం మొహాలు నీళ్ళలో నీడల్లా కదులుతున్నాయి.

"డాక్టరు గారూ, పేగు కోసిన చివర గన్నుతో మూసి చూపించండి," అంది పళ్ళు బిగబట్టి.

ఆపరేషన్ గదిలో డాక్టరుకు పద్దెనిమిదేళ్ళుగా సాయం ఉండే బుధు గన్ను అందించాడు. బారుగా, మొసలి మూతిలా రెండు దవడలు. డాక్టరు పేగును వాటి మధ్య పెట్టి, బిగించి, పిడికిలితో మీటను ముందుకు తోశాడు. కరకరమని చప్పుడు. ఆ పనిలో ఆయన చేతులు తడబడలేదు. పేగు చివర సన్నటి వెండి గీతలా మూసుకుపోయింది. ఆడవాళ్ళు "ఓలమ్మో" అన్నారు.

దిసారి ఆ గీతలోంచి ఒక ముల్లు గోటితో పెరికి, బూడిద ముల్లు పక్కన అరచేతిలో పెట్టుకున్నాడు. ఒకటి మెరుస్తోంది. ఒకటి మసిబారింది. మిగతాదంతా ఒకటే. రెండూ తిప్పి చూసి, భీముడికి అందించాడు.

"ఇప్పుడు నీళ్ళు పొయ్యండి," అంది హేమలత.

ఒకావిడ సొరకాయ బుర్రతో పసుపునీళ్ళు పేగులోకి పోసింది. పేగు ఉబ్బింది. కింద అడ్డాకు పొడిగానే ఉంది. ఉన్నట్టుండి గీత చివర, దవడల ముక్కు బిగిసిన చోట, ఒక పసుపు చుక్క పుట్టింది. ఇంకొకటి. తర్వాత సన్నటి ధార. డాక్టరు వంగి ఆ చోటు చూశాడు. అక్కడ ముళ్ళ కాళ్ళు ముడుచుకోలేదు. నిటారుగా ఉన్నాయి.

"దవడలు అరిగిపోయాయి," అన్నాడు గొణుగుతూ. "ఇది ఒక్క రోగికి వాడి పారెయ్యాలి. పైనుంచి రెండే వచ్చాయి. కడిగి, ఆవిరిలో పెట్టి, కొత్త ముళ్ళు ఎక్కించి ముప్ఫై మందికి వాడాం. ఇలా కారుతుందని నాకు తెలీదు. దేవుడి సాక్షిగా తెలీదు."

"సుక్రు కడుపులో కారింది ఇదే," అంది హేమలత జనంతో. "ముళ్ళు ఎవరూ మంత్రం పెట్టి పంపలేదు. ఆసుపత్రిలో పెట్టారు. అవి సరిగా పట్టలేదు. లోపలిది కారి కడుపంతా చెడింది."

ఒక్క నిమిషం అంతా అయిపోయినట్టే అనిపించింది. భీముడు చొక్కా జేబులోంచి ఒక కాగితం తీశాడు.

"ఏటమ్మా, మాకు సదువు రాదనుకున్నావేటి? ఆసుపత్రోళ్ళు ఇచ్చిన కాయితమిది. సేతికుట్టు అని రాసుంది. మా బళ్ళో మేస్టారు సదివినారు. గన్ను ఏరేవోళ్ళకంట. మా తమ్ముడికి దారం కుట్టంట. మరి దారం కుట్టినోడి కడుపులోకి ముళ్ళెవులు పంపినారు?"

జనంలో గొణుగుడు లేచింది. హేమలత డాక్టరు వైపు చూసింది. ఆయన నేల చూస్తున్నాడు. ఇంత జరిగాక కూడా ఆయన నోరు విప్పడం లేదు. కొట్టంలో ముసలావిడ ప్రాణం ఒకవైపు, ఈయన దాచుకున్నదేదో మరొకవైపు! పైడిరాజు కాగితం, సిరాబుడ్డీ బయటికి తీశాడు. పదకొండూ నలభై.

"అయితే కుట్టండి డాక్టరు గారూ," అంది హేమలత. "అక్టోబరు నుంచి ఆరుగురికి చేతికుట్టు యాభై నిమిషాల్లో ముగించారు. మత్తు డాక్టరు కాగితాలు నా దగ్గరున్నాయి. అంత వేగం మేమూ చూస్తాం. ఈ రెండో చివర చేత్తో కుట్టండి. నీళ్ళు పోద్దాం. దారం కుట్టు ఎలా ఉంటుందో ఊరు చూస్తుంది."

బుధు పట్టకారులో వంకర సూది పెట్టి అందించాడు. డాక్టరు తీసుకున్నాడు.

సూది కొస వణికింది. అది పేగుకు ఇటు పొడవబోయి అటు పోయింది, అటు పోయి ఇటు వచ్చింది. ఆ వణుకు తన కళ్ళదేనేమోనని హేమలతకు భయం వేసింది. జ్వరం తన ఒళ్ళంతా కుదిపేస్తోంది మరి. పక్కనున్న అడ్డాకు మీద చూపు నిలిపింది. ఆకు కదలడం లేదు. దాని మీది పసుపునీళ్ళు కదలడం లేదు. కదులుతున్నది డాక్టరు చెయ్యే.

అప్పుడు బుధు ఒక పని చేశాడు. ఎవరూ చెప్పలేదు. ఎన్నోసార్లు చేసినవాడిలా చెయ్యి చాపి డాక్టరు మణికట్టు పట్టుకున్నాడు, వణుకు ఆగేటట్టు, గట్టిగా. పట్టుకున్నాక తనేం చేశాడో తెలిసి బావురుమన్నాడు.

"దసరా కాణ్ణించీ ఇంతే," అన్నాడు ఏడుస్తూ. "కుట్టలేపోతన్నారు. అందుకే అందరికీ గన్నే. ఎవులికీ సెప్పొద్దన్నారు. ఈ సేతులు పోతే ఈ కొండల్లో ఇంకెవులున్నారని..."

డాక్టరు సూది కింద పెట్టాడు. "కవరులో చేతికుట్టు అని వచ్చిన ప్రతిసారీ ఇవాళ కుడతాను అనుకునేవాణ్ణి," అన్నాడు ఎవరితోనూ కాకుండా. "బల్ల దగ్గరికి వెళ్ళాక కుట్టలేకపోయేవాణ్ణి. రిజిస్టరులో మాత్రం కుట్టానని రాసుకునేవాణ్ణి. భీముడూ, ఆ కాగితం అబద్ధం. నేను రాసిన అబద్ధం."

భీముడి గొడ్డలి భుజం మీంచి జారి నేల మీద ఆనింది. దిసారి లేచాడు. "ముడి ఇప్పండ్రా," అన్నాడు. అంతే. దాని కోసమే రెండు రోజులుగా ఊపిరి బిగబట్టినట్టున్న ఆడవాళ్ళు నలుగురు కొట్టం వైపు పరిగెత్తారు.

హేమలత అక్కడే నేల మీద కూలబడింది. ఎవరో గొంగళి కప్పారు. గెలిచిన సంతోషం మంచులోంచి ఇప్పుడిప్పుడే నడిచివస్తోంది. అది దగ్గరికి రాకముందే పైడిరాజు గొంతు వినిపించింది. ఆ గొంతులో వెటకారం లేదు.

"డాక్టరు గారూ. అందరికీ గన్నే అంటే... సోమారం నాడు మా తేజస్వికి సేసినారు గదా."

పైడిరాజు డాక్టరు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"పదకొండేళ్ళ గుంట, మిషన్లు ఒద్దండి, సేత్తో కుట్టండని కాళ్ళట్టుకున్నాను. కుట్టినానన్నారు. అక్టోబరు నుంచి ఆరుగురన్నాది మేడమ్. ఆరోది మా పాపేనా?"

"అవును," అన్నాడు డాక్టరు.

సిరాబుడ్డి ఒలికి పైడిరాజు ఖాకీ ప్యాంటు నీలమైంది. అతను చూసుకోలేదు. తాళ్ళ ఒరుపులు పడిన చేతులు రుద్దుకుంటూ వచ్చి నిలబడింది రాజులమ్మ. అందరికంటే ముందు అడగవలసింది ఆవిడే అడిగింది.

"గుంట ఏటైనా తిన్నాదా నాయనా?"

"పొద్దున్న. తినొచ్చన్నారని రెండిడ్లీలు నా సేత్తో తినిపించినాను. ఒళ్ళు ఎచ్చగుంటే మంచుకనుకున్నాను. కడుపు నొప్పెడతందంటే, పడుకో తల్లీ బేగి వచ్చేస్తానని వచ్చేసినాను."

డాక్టరు లేచి నిలబడ్డాడు. మొహంలో రక్తం లేదు. "కారడం మొదలైంది," అన్నాడు. "పొట్ట మళ్ళీ తెరవాలి. సాయంత్రం దాటకూడదు. గన్నుతో కాదు, చేత్తోనే కుట్టాలి."

కిందకి, ఆసుపత్రికి రెండు గంటలు. అక్కణ్ణుంచి విశాఖపట్నానికి ఘాట్ రోడ్డులో నాలుగు గంటలు. ఆ గతుకులకు ఆ పేగు నిలవదు. హేమలత వణుకుతూనే లెక్క వేసింది. ఘాట్‌కి ఇవతల సూది పట్టగలిగిన డాక్టరు ఒక్కడే. ఆయన రెండు చేతులూ చంకల్లో దాచుకుని జీపు వైపు నడుస్తున్నాడు.